మిగిలిన క్లిప్పులు

కారు ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చాను. పదేళ్లుగా కీబోర్డు తప్ప ఇంకేదీ పట్టని చేతులతో, హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో, ఒక ఆదివారం. వీడియోలో మనిషికి ఇరవై నిమిషాల పని, నాకు మూడు గంటలు పట్టింది. మూడు మిల్లీమీటర్లకి అరిగిన పాతవి తీసేసి కొత్తవి పెట్టాను. బ్రేకులు బాగానే పడ్డాయి. ఆ వారమంతా ఆఫీసులో కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను.

సంక్రాంతికి ఊరికి బయల్దేరితే మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట దాకా ఏ ఇబ్బందీ లేదు. చిలకలూరిపేట దాటి, మార్టూరు దగ్గర హైవే దిగి మా ఊరి రోడ్డెక్కగానే ఎడమవైపు ముందు నుంచి టకటకటక. రేకు డబ్బాలో మేకులేసి ఊపినట్టు. మాది నల్లరేగడి నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. దానిమీద వేసిన తారురోడ్డు రెండేళ్లకే అలలు తిరిగిపోతుంది. రోడ్డు మీద నెట్టేసి ఇల్లు చేరాను.

ఆ రాత్రి అమ్మ వేరే సంగతి చెప్పింది. "ఫోన్లో మీ నాన్నకి నీ మాట వినపడటం లేదురా. ఊరికే ఊఁ కొడతాడు." ఏడాదిగా నాన్న నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడని, కోపమొచ్చిందని అనుకుంటున్నాను. నేనూ ఫోన్లు తగ్గించాను. గుంటూరులో చెవుల డాక్టరుకి చూపిద్దామని ఆ రాత్రే అనుకున్నాం. తీసుకెళ్లాల్సింది ఈ కారులోనే.

పొద్దున్నే ఊరి చుట్టూ తిప్పి చూశాను. న్యూట్రల్‌లో వేసి వదిలినా చప్పుడుంది, కాబట్టి ఇంజన్ కాదు. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పినా మారలేదు, కాబట్టి డ్రైవ్ షాఫ్ట్ కాకపోవచ్చు. నున్నటి రోడ్డు మీద లేదు, గతుకుల్లోనే వస్తోంది. అయితే సస్పెన్షన్, అని తేల్చేశాను. ఆఫీసులో ఏదైనా పాడైతే నేను మొదట అడిగేది "చివరిగా ఏం మార్చారు?" అనే. ఆ ప్రశ్న నన్ను నేను అడగలేదు. సస్పెన్షన్ అయితే తప్పు నాది కాదు మరి.

రెండో చుట్టుకి నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఆయనకి చప్పుడు వినపడదు, నా మొహం మాత్రం కనపడుతోంది. అరచెయ్యి తలుపు మీద ఆనించి కాసేపు ఉంచాడు.

"బ్రేకు మీద కాలు ఊరికే ఆనించు. తొక్కబాక."

ఆనించాను. చప్పుడు ఆగిపోయింది. కాలు తీశాను. మళ్లీ టకటక.

"బిగించేటప్పుడు ఏవన్నా మిగిలినయ్యా?"

మిగిలాయి. కొత్త ప్యాడ్లతో పాటు వచ్చిన స్టీలు క్లిప్పులు, డిక్కీలో, అట్టపెట్టెలో. పాతవి తీసి పారేశాను. కొత్తవి పెడితే ప్యాడ్లు బిగుసుకుపోయి దిగలేదు. క్లిప్పుల్లేకుండా పెడితే హాయిగా జారాయి. బ్రేకులు పడుతున్నాయి కదా, ఇంకెందుకని వదిలేశాను. ప్యాడ్ చివరలు బ్రాకెట్లో ఆడకుండా పట్టుకునేవి ఆ క్లిప్పులే. అవి లేకపోతే గతుకు పడ్డప్పుడల్లా ప్యాడ్ కొట్టుకుంటుంది. బ్రేకు ఆనిస్తే ప్యాడ్ డిస్కుని పట్టుకుంటుంది కాబట్టి ఊరుకుంటుంది.

వేపచెట్టు కింద జాకీ వేశాం. బ్రాకెట్ గాళ్లలో పేరుకున్న తుప్పుని నాన్న ఉప్పుకాగితంతో రుద్దాడు. క్లిప్పులు పెట్టి ప్యాడ్లు దింపితే ఈసారి బిగుసుకోకుండా కూర్చున్నాయి. అడ్డమొచ్చింది తుప్పు, నేను తీసేసింది క్లిప్పుల్ని. కుడి చక్రానికీ అలాగే చేశాం.

నాన్న జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. పత్తిలోంచి గింజని వేరుచేసే డబుల్ రోలర్ జిన్నులు వరసగా ఆడుతుంటే, నడిచిపోతూనే ఏ జిన్ను తేడాగా ఉందో చెప్పేవాడట. చెవుల్లో దూది కూడా పెట్టుకునేవాడు కాదు, పెట్టుకుంటే జిన్ను వినపడదని. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో, చప్పుడు వల్ల వచ్చే చెవుడు కూడా ఉండేది. మా ఇంట్లో దాన్ని వయసు అన్నాం, పరాకు అన్నాం. నేను కోపం అన్నాను.

గుంటూరులో పరీక్ష చేసి గ్రాఫ్ చేతికిచ్చారు. తక్కువ శ్రుతుల దగ్గర గీత ఫరవాలేదు. 4,000 హెర్ట్జ్ దగ్గర గోతిలో పడ్డట్టు దిగిపోయింది. చప్పుళ్లలో పనిచేసినవాళ్ల చెవి ముందుగా పాడయ్యేది ఆ చుట్టుపక్కలే. స, ష, త, క లాంటి హల్లులు స్పష్టంగా తెలియాలంటే ఆ పై శ్రుతులే కావాలి. అచ్చులు కింద ఉంటాయి. ఏడాదిగా నా ఫోన్ కాల్స్‌లో ఆయనకి చేరినవి ఎక్కువగా అచ్చులే అన్నమాట. వాటికే ఊఁ కొట్టాడు. చెవి మిషన్‌కి కొలతలిచ్చి తిరిగొచ్చాం.

మళ్లీ మా ఊరి రోడ్డు. గతుకులున్నాయి, చప్పుడు లేదు.

"పోయిందా?" అన్నాడు నాన్న. అరచెయ్యి తలుపు మీదే ఉంది. ఆయనకి తెలుసు.

కారు పక్కకి ఆపి, ఆయన వైపు తిరిగి, నిదానంగా చెప్పాను. "పోయింది నాన్నా."