నీటి గీత క్రింద

వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసినదిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు, తెలుగు అధ్యాపకుడనై యుండి ఏ కావ్యాన్ని గురించియో, ఏ కవిని గురించియో వ్రాయక, ఒక పాత చేపల బోటును గురించి, దాని పొట్టకు బిగించిన ఇత్తడి తూములను, రబ్బరు గొట్టాలను గురించి వ్రాయబూనడం మీకు వింతగా తోచవచ్చు. కాని ఆంధ్ర విశ్వవిద్యాలయం నాకిచ్చిన ఎం.ఏ. పట్టా ఆ తూముల చలువయే. మా నాన్నగారు కాకినాడలో మరపడవల మెకానిక్కు. నా రుసుములు, హాస్టలు ఖర్చులు, పుస్తకాలు, అన్నీ నూనె మరకలు వదలని ఆయన చేతుల నుండి వచ్చినవే. అంతేగాక, ఆ పని నాకు నేర్పిన ఒక పాఠం ఏ తరగతి గదిలోనూ లభించలేదు. అది నేను చేసిన తప్పు వలన నేర్చుకొన్నది. కనుక దాచక చెప్పడం నా విధిగా భావిస్తున్నాను.

కాకినాడను ఎరుగని వారి కొరకు ముందుగా రెండు మాటలు. ఊరికీ, జగన్నాథపురానికీ నడుమ ఉప్పుటేరు పారి సముద్రంలో కలుస్తుంది. వేటకు పోయే ఎన్నో మరపడవలకు ఆ యేరే దారి, ఆ యొడ్డే ఇల్లు. దక్షిణంగా కొంత దూరం పోతే తాళ్లరేవు, కోరంగి. పూర్వం ఓడల నిర్మాణానికి పేరుపడిన రేవులవి. 1839 నాటి తుపాను కోరంగిని ఊడ్చివేసినా, పడవలు కట్టే విద్య మాత్రం ఆ తీరాన్ని విడిచిపోలేదు. ఇక మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలకు వేట నిషిద్ధం. చేపలు గ్రుడ్లు పెట్టి సంతతిని పెంచుకొనే కాలమని విధించిన విరామమిది. ఆ విరామం వలకేగాని మెకానిక్కుకు కాదు. పది నెలలు ఉప్పునీటిలో నానిన బోట్లు ఆ రెండు నెలల్లోనే ఒడ్డెక్కుతాయి. మా యింట సంవత్సరపు బియ్యం ఆ రెండు నెలల సంపాదనతోనే సమకూరేది.

2018 వేసవి సెలవులకు నేను ఇంటికి వెళ్లాను. నాన్నగారి వద్ద పనిచేసే కుర్రవాడు ఆ యేడు వేరే రేవుకు వెళ్లిపోయాడు. నాన్నగారికా, మోకాళ్ల నొప్పులు. ఇంజను ప్రక్కన ఇరుకు సందుల్లో దూరగల స్థితి కాదు. ఒక బోటు పని ఒప్పుకొన్నారు. నన్ను పిలిచి, "బేటా, నీకు పని రానక్కరలేదు. నేను చెప్పిన చోటికి పాకి, అక్కడ ఉన్నది ఉన్నట్లు చెబితే చాలు" అన్నారు. ఇంత చదువుకొన్నవానికి ఇదేమంత కష్టమని నవ్వుకొన్నాను.

అది ఇరవై యేళ్లు దాటిన కొయ్యబోటు. చూచేవారికి బోటు అంటే ఎత్తైన ముక్కు, దానిపై రంగులు, పేరు. నాన్నగారికి బోటు అంటే రంధ్రాలు. నీటిపై తేలవలసిన వస్తువుకు మనుష్యుడు తానే కోరి రంధ్రాలు పెడతాడు. ఇంజనును చల్లబరచడానికి సముద్రపు నీటిని లోనికి తీసుకొనేది ఒకటి. డెక్కు కడిగే పంపుకు నీరందించేది ఒకటి. అడుగున ఊరిన నీటిని తోడి బయటికి పోసేది మరొకటి. డెక్కుపై పడిన నీరు గొట్టాల గుండా జారిపోయేవి నాలుగు. వెరసి ఏడు. పంకా ఇరుసు పోయే గొట్టం వీటికి అదనం. దాని కథ వేరు. ప్రతి రంధ్రంలోనూ ఒక లోహపు తూము ఉంటుంది. దానినే వారు ఫిట్టింగు అంటారు. నీరు లోనికి వచ్చే చోట ఫిట్టింగుకు వాల్వు, దానికి రబ్బరు గొట్టం, ఆ గొట్టం జారకుండా క్లిప్పులు. బోటు నీటిలో ఎంతవరకు మునుగుతుందో ఆ హద్దును నీటి గీత అంటారు. ఆ గీతకు దిగువన ఒక్క ఫిట్టింగు విరిగినా, ఒక్క గొట్టం ఊడినా, సముద్రానికి తలుపు తెరిచినట్లే.

డెక్కు నీటి గొట్టాలు గీతకు పైనే తెరుచుకొంటాయి గదా, వాటి వలన భయమేమని నేనడిగాను. "ఖాళీ బోటుకు పైనే. ఐసు, డీజిలు, చేపలు నిండిన బోటుకో?" అన్నారు నాన్నగారు. బరువెక్కిన బోటు క్రిందికి దిగుతుంది. నిన్న గాలిలో ఉన్న రంధ్రం నేడు నీటిలో ఉంటుంది. అప్పుడు వేడికి, నూనెకు పగుళ్లిచ్చిన గొట్టం, నీటిని బయటికి పంపవలసినది, పొట్టలోనికి పంపుతుంది. వల నిండిన రోజే ప్రమాదం కూడ నిండుగా ఉంటుందన్నమాట.

అవి రంజాను ఉపవాస దినాలు. మే నెల ఎండ. ఇంజను గది లోపల గాలి ఆడదు. పాత డీజిలు వాసన, కుళ్లిన అడుగునీటి వాసన. ఆరు చోట్లకు పాకి, తడిమి చూచి, చెప్పవలసినదంతా చెప్పాను. గొట్టాలన్నీ గట్టిపడి, వంచితే చిట్లుతున్నాయి. ఇంజను నీటి వాల్వు పిడి కదలకుండా బిగిసిపోయింది. ఇక ఏడవది, డెక్కు పంపుకు నీరందించేది, డీజిలు ట్యాంకు వెనుక ఉన్నది. అక్కడికి చేరాలంటే బోర్లా పడుకొని, ఒక చేయి ముందుకు చాచి, భుజం ఒరసుకుంటూ పోవాలి. నా నాలుక పిడచ కట్టుకొని పోయింది. టార్చి వెలుగులో దూరం నుండే చూచాను. వాల్వు కనబడింది. రంగు వేసి, నిండుగా, చక్కగా ఉన్నది.

"పిడి త్రిప్పి చూచావా?" అని పైనుండి నాన్నగారు అడిగారు.

"చూచాను అబ్బా. బాగానే ఉంది."

తన నోటుపుస్తకంలో ఏడవ అంకె ప్రక్కన టిక్కు పెట్టమన్నారు. పెట్టాను. రోజూ జవాబుపత్రాలు దిద్దే చేయి కదా, టిక్కు అందంగానే పడింది.

ఆ సాయంత్రం ఇఫ్తారు తరువాత బోటు యజమాని మా యింటికి వచ్చాడు. ఆ యేడు వేట కలిసిరాలేదు, అప్పులున్నాయి. "సాయిబుగారూ, కాస్త ఖర్చు తగ్గించండి. బాగున్నవాటి జోలికి పోవద్దు. ఈసారి మావాడు కూడ వేటకు పోతానంటున్నాడు, వాడికి బట్టలైనా కొనాలి" అన్నాడు. నాన్నగారు పుస్తకం తెరిచి, "గొట్టాలన్నీ మార్చక తప్పదు. ఇంజను ఫిట్టింగూ మార్చాలి. ఏడోది వదిలేద్దాం. మా అబ్బాయి స్వయంగా చూచాడు" అన్నారు. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన గర్వం నేను మరువలేదు. యజమాని నావైపు చూచి నమస్కరించాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పగలంతా నోటిని నీటికి దూరంగా ఉంచగలిగినవాడను, అబద్ధానికి దూరంగా ఉంచలేకపోయాను. ఆ బోటులో పోయే ఎనిమిదిమందిలో ఒకడు నిన్నమొన్న మీసాలు వచ్చిన కుర్రవాడు, మీ వయస్సువాడు. తెల్లవారుజామున సహరీకి లేచినప్పుడు, "అబ్బా, ఏడవది నేను చూడలేదు" అన్నాను. నాన్నగారు చేతిలోని గ్లాసు క్రింద పెట్టారు. కోపపడతారనుకొన్నాను. కొంతసేపటికి, "ముందు ఆ టిక్కు కొట్టివేయి" అన్నారు. అంతే.

ఉదయం మరల ఆ సందులో దూరాను. ఈసారి చేతికి చిన్న సుత్తి ఇచ్చారు. "గట్టిగా కాదు, తలుపు తట్టినట్లు తట్టు" అన్నారు. మంచి లోహం ఖంగుమంటుంది. ఇది మట్టిముంత వలె పలికింది. రెండవ దెబ్బకు ఫిట్టింగు మెడ విరిగి నా అరచేతిలో పడింది. విరిగిన చోట పసుపు రంగు లేదు; వెలిసిన గులాబీరంగు, గుల్లగుల్లగా. నాన్నగారు దానిని ఎండలో త్రిప్పి చూచి విషయం చెప్పారు. ఇత్తడి అంటే రాగి, జింకు. ఉప్పునీరు ఏండ్ల తరబడి జింకును కాజేస్తుంది. గుల్లబారిన రాగి మిగులుతుంది. ఆకారం చెడదు, కొలత తగ్గదు, పైన రంగు వేస్తే అసలే తెలియదు. బలం మాత్రం ఉండదు.

తరువాత కళాశాలకు వచ్చి మా భౌతికశాస్త్ర అధ్యాపక మిత్రునికి ఈ సంగతి చెబితే, ఆయన కాగితంపై లెక్క వేసి చూపారు. నీటి గీతకు 60 సెంటీమీటర్ల దిగువన 38 మిల్లీమీటర్ల రంధ్రం తెరుచుకొంటే, మొదట్లో నిమిషానికి సుమారు 140 లీటర్ల నీరు లోనికి వస్తుంది. అదే వేగంతో గంట గడిస్తే ఎనిమిది టన్నులకు పైమాట. అర్ధరాత్రి, ఇంజను మోతలో, ట్యాంకు వెనుక ఆ నీటి చప్పుడు ఎవరికి వినబడుతుంది? ఆ కాగితాన్ని చూచి నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను.

నాన్నగారు యజమానిని పిలిపించి విరిగిన ముక్కను చేతిలో పెట్టారు. "నిన్న బాగుందన్న మాట తప్పు. దీని కూలి నేను తీసుకోను, సామాను ధర ఇవ్వండి చాలు" అన్నారు. తప్పు ఎవరిదో చెప్పలేదు. నేనే చెప్పాను. యజమాని ఆ ముక్కను వ్రేలితో నొక్కి, రాలిన పొడిని చూచి, "విరిగింది ఒడ్డు మీద కదా బాబూ" అన్నాడు.

తరువాత పది రోజులు నేను నిజమైన శిష్యుడనయ్యాను. బిగిసిన పాత గొట్టాన్ని లాగితే రాదు. పొడవునా కోసి ఒలవాలి. ఫిట్టింగు తీసిన రంధ్రం చుట్టూ కొయ్యను మొనతో గ్రుచ్చి చూడాలి. మెత్తగా దిగితే అక్కడ పుచ్చినట్లు. ఒక చోట అట్లే దిగింది. వడ్రంగి ఆ మేరకు కోసి కొత్త ముక్క అతికాడు. ఇత్తడికి బదులు, రాగి, తగరం ప్రధానంగా కలిసిన గన్‌మెటల్ ఫిట్టింగులు తెచ్చాం. ఎవరో పూర్వం బిగించిన ఇనుప మేకులను తీసివేశాం. ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు తాకుతూ ఉంటే బలహీనమైనదానిని రెండవది తినిపిస్తుంది. సీలెంటు పూసి, బయట ఒకరు కదలకుండా పట్టుకోగా లోపల ఒకరు బిగించాలి. కొత్త గొట్టం చివరను వేడినీటిలో ముంచితే మెత్తబడి సాఫీగా ఎక్కుతుంది. నీటిని పీల్చే గొట్టానికి లోపల తీగచుట్టు ఉండాలి. లేకుంటే పంపు లాగుడుకు అప్పడమవుతుంది. ప్రతి చివరకు రెండేసి క్లిప్పులు. అడుగునీటి గొట్టాన్ని పైకి విల్లువలె వంచి తరువాతనే బయటికి తీయాలి. లేనియెడల పంపు ఆగగానే సముద్రం అదే దారిన వెనుకకు వస్తుంది. చివరగా నాన్నగారు మెత్తని కొయ్యతో ఏడు బిరడాలు చెక్కి, ఒక్కొక్క ఫిట్టింగు ప్రక్కన తాడుతో కట్టారు. ఎప్పుడైనా విరిగితే చీకటిలో వెదుకనక్కర లేకుండా.

జూన్ రెండవ వారంలో బోటును నీటిలోనికి దించారు. నాన్నగారు నా చేత తెల్లకాగితాలు తెప్పించి, ప్రతి అతుకు క్రింద ఒకటి పరిపించారు. గంటసేపు మౌనంగా కూర్చున్నాం. తరువాత, "చూచి రా" అన్నారు. ఏమి చూడాలో, ఎట్లా చూడాలో చెప్పలేదు. ఆరు కాగితాలు పొడిగా ఉన్నాయి. ఏడవ కాగితంపై ఒక చుక్క ఉంది, చింతగింజంత. క్లిప్పును పావు చుట్టు బిగించి, కాగితం మార్చి, మరొక గంట అక్కడే బోర్లా పడుకొన్నాను. వచ్చి, "ఒక చుక్క వచ్చింది అబ్బా. బిగించాను. ఇప్పుడు పొడిగా ఉంది" అన్నాను. ఆయన తిరిగి వెళ్లి చూడలేదు. పుస్తకం నా చేతికిచ్చారు.

వేట విరామం ముగియగానే బోటు కడలికి పోయింది. ఆ వెనువెంటనే ఈద్ వచ్చింది.

విద్యార్థులారా! తరగతిలో నేను పాఠం ముగించి "అర్థమైందా?" అని అడిగితే మీరందరూ ఒక్క గొంతుతో "అర్థమైందండీ" అంటారు. ఆ మాట వినగానే నాకు డీజిలు ట్యాంకు వెనుక చీకటి గుర్తుకు వస్తుంది. అందుకే మరల మరల అడుగుతాను; విసుగుకొనవద్దు. అధ్యాపకులమైన మేము చూడక వేసే మార్కులు, మీరు చదువక చెప్పే జవాబులు, రెండూ నీటి గీత క్రింద ఉండేవే. ఒడ్డున ఉన్నంత కాలం వాటికి పరీక్ష రాదు. "నేను చూడలేదు" అని చెప్పడానికి సిగ్గుపడవలసిన పని లేదు. చూచానని చెప్పి నిద్రపోవడమే కష్టం.

నాన్నగారు ఇప్పుడు రేవుకు పోవడం లేదు. ఆ నోటుపుస్తకం నా బల్లసొరుగులో ఉన్నది. అందులో ఏడవ అంకె ప్రక్కన కొట్టివేసిన టిక్కు ఒకటి, దాని ప్రక్కన మరొకటి. రెండవది కొంచెం వంకరగా ఉంటుంది. చేయి తడిగా ఉండగా పెట్టినది.