మీదే ఊరు?

మా ఇంట్లో ఒక నీలం రంగు ఫైలు ఉంది. అందులో మా ఇద్దరి టీసీల జిరాక్సులు వరసగా ఉంటాయి. కోర్బా, సింగ్రౌలి, రామగుండం, పరవాడ. నాన్న ఉద్యోగం విద్యుత్ కేంద్రాల్లో. బదిలీ కబురు వచ్చినప్పుడల్లా అమ్మ గిన్నెలను పాత పేపర్లలో చుట్టేది. మేము స్నేహితుల ఫోన్ నంబర్లను నోటుబుక్కు చివరి పేజీలో రాసుకునేవాళ్ళం. మేము అక్కాతమ్ముళ్ళం. మీలాగే కేంద్రీయ విద్యాలయాల్లో చదువుకుని, ఇప్పుడు అనకాపల్లిలో ఒకరు డిగ్రీ రెండో సంవత్సరం, ఒకరు మొదటి సంవత్సరం చదువుతున్నాం. నాన్నకు మళ్ళీ కోర్బా బదిలీ కావడంతో అమ్మానాన్న అక్కడికి వెళ్ళారు, మేము హాస్టళ్ళలో ఉండిపోయాం.

మనం పెరిగిన కాలనీల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. కుళాయి పాడైతే కంప్లైంట్ రిజిస్టరులో రాస్తే చాలు, సాయంత్రానికి మనిషి వచ్చి బాగుచేసి వెళ్తాడు. వీధిదీపం ఎవరు వేస్తారో, చెత్త ఎవరు తీస్తారో మేము ఏనాడూ అడగలేదు. సివిక్స్ పరీక్షలో గ్రామ పంచాయతీ గురించి ఐదు మార్కుల జవాబు రాసి నాలుగున్నర తెచ్చుకున్నాం. కాని ఒక్క పంచాయతీ ఆఫీసు గుమ్మం కూడా ఎక్కలేదు. రెండు మూడేళ్ళలో వెళ్ళిపోయే ఊరు గురించి మనకెందుకులే అనుకునేవాళ్ళం.

కాలేజీలో ఇద్దరం ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరాం. నిజం చెప్పాలంటే సర్టిఫికెట్ కోసమే చేరాం. జాతీయ సేవా పథకం గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న మొదలైందని, అప్పుడు 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో ప్రారంభించారని మొదటి రోజు సారు చెప్పారు. రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి, ఏడు రోజులు ఒక ఊళ్ళో ఉండి శిబిరం చేయాలి. దాని నినాదం 'నేను కాదు, మీరు'. నినాదం బాగుందనుకున్నాం. దాని అర్థం మాత్రం శిబిరంలోనే తెలిసింది.

సంక్రాంతి సెలవుల తర్వాత మమ్మల్ని అనకాపల్లికి కొంత దూరంలో ఉన్న ఒక ఊరికి తీసుకెళ్ళారు. చెరకు నరికే రోజులు. ఊళ్ళోకి అడుగుపెట్టగానే బెల్లం వండుతున్న వాసన. బడి గదుల్లో అమ్మాయిలు, పంచాయతీ భవనంలో అబ్బాయిలు పడుకున్నాం. రెండో రోజు ఇంటింటికీ వెళ్ళి సర్వే చేస్తుంటే ఒక మామ్మ మమ్మల్ని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టింది. కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది.

"సదువుకున్నోలు కదా బాబూ, ఈ కాయితంలో ఏటి రాసుందో సూసి సెప్పండి" అంది.

అది ఆమె పింఛను గురించి వచ్చిన కాగితం. మేము తెలుగు మాట్లాడతాం. కాని చదవడం అంటే సినిమా పోస్టర్లు చదివినంత వరకే. బడిలో మాకు హిందీ, ఇంగ్లీషు, సంస్కృతం. ఒకరి తర్వాత ఒకరం అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంటే, మూడో తరగతి చదివే ఆమె మనవరాలు మా చేతిలోంచి కాగితం తీసుకుని గబగబా చదివేసింది. శనివారంలోగా ఆధార్ కార్డుతో గ్రామ సచివాలయానికి రావాలట. అప్పటికి గురువారం.

మామ్మ మమ్మల్ని ఏమీ అనలేదు. "మీదే ఊరు?" అని మాత్రం అడిగింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఏ ఊరు చెప్పాలి? చివరికి "మాకు ఊరంటూ లేదు మామ్మా" అన్నాం. "ఊరు లేకపోడం ఏటి! ఉన్నదే మీ ఊరు" అంది ఆమె. మర్నాడు ఆమెను సచివాలయానికి తీసుకెళ్ళాం. పని అరగంటలో అయిపోయింది. ఆ అరగంట నడిపించే మనిషి లేకపోతే ఆమె పింఛను ఆగిపోయేదేమో.

ఆ వీధిలోనే ఒక బోరింగు ఉంది. దాని చుట్టూ ఎప్పుడూ నీళ్ళు నిలిచి, బురద, దోమలు. మేము అక్కడ ఇంకుడు గుంత తవ్వాం. నాలుగడుగుల లోతు గొయ్యి, అడుగున పెద్ద రాళ్ళు, వాటిపైన చిన్న రాళ్ళు, ఆ పైన ఇసుక. మొదటి గంటలోనే మా అరచేతులు బొబ్బలెక్కాయి. అది చూసి నవ్వుతూ వచ్చిన ఆడవాళ్ళు గునపాలు అందుకున్నారు. అదే వారంలో బడి వెనక యాభై మొక్కలు నాటాం, బ్యానరు పట్టుకుని ఫోటో దిగాం.

గుంతతో ఒక్క బోరింగు సంగతి తీరింది. వీధి మొత్తానికీ మురుగు కాలువ కావాలి. అది మా చేతుల్లో పని కాదు, పంచాయతీ చేయాల్సింది. జనవరి 26న గ్రామసభ ఉందని తెలిసి, శిబిరం అయిపోయినా ఆ రోజుకు మళ్ళీ వెళ్ళాం. అర్జీ మేమే చదువుతామని ముందుకు వెళ్ళబోతే సారు ఆపారు. గ్రామసభ అంటే ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్ళందరూ. రాజ్యాంగంలో 73వ సవరణ దానికి చోటు కల్పించింది, 1993 ఏప్రిల్ 24 నుంచి అది అమల్లో ఉంది. మేము అక్కడి ఓటర్లం కాము, కాబట్టి సభ్యులమూ కాము. వెనక బెంచీ మీద కూర్చున్నాం. బోరింగు వీధి ఆడవాళ్ళే లేచి అడిగారు. వాళ్ళలో మామ్మ కూడా ఉంది. కాలువను పనుల జాబితాలో రాశారు.

ఐదు మార్కుల జవాబులో మేము వదిలేసిన అర మార్కు ఆ రోజు దొరికింది. ఏదైనా అడగాలంటే ముందు జాబితాలో మన పేరు ఉండాలి.

మాలో పెద్దదానికి అప్పటికే పద్దెనిమిది నిండి ఏడాది దాటింది. ఓటరుగా నమోదు కాలేదు. ఏ ఊళ్ళో నమోదు చేసుకోవాలో తెలియక వదిలేసింది. మామ్మ అడిగిన ప్రశ్నే ఇక్కడా అడ్డొచ్చింది. కనుక్కుంటే తెలిసింది, హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళు అమ్మానాన్నల ఊళ్ళోనైనా, హాస్టల్ ఉన్న ఊళ్ళోనైనా నమోదు కావచ్చు. ఏదో ఒక్కచోటే ఉండాలి. కాలేజీ నుంచి ధ్రువపత్రం తీసుకుని ఫారం 6 నింపాం. తమ్ముడికి పద్దెనిమిది నిండాక వాడూ నింపాడు. ఇద్దరం అనకాపల్లి చిరునామానే రాశాం.

ఆ సంగతి ఫోన్లో చెబితే నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో రెండుసార్లే ఓటు వేశానురా. ఎప్పుడూ నా పేరు వెనకటి ఊళ్ళోనే ఉండిపోయేది" అన్నారు. ఇల్లు మారినప్పుడు ఫారం 8 ఇస్తే పేరు కొత్త చోటికి మారుతుందని మేము చెప్పాం. ఆ వారమే అమ్మ, నాన్న ఇద్దరూ కోర్బాలో దరఖాస్తు పెట్టారు. నాన్నకు మేము ఏదైనా నేర్పడం అదే మొదటిసారి.

మూడు నెలల తర్వాత ఆ ఊరికి వెళ్ళాం. యాభై మొక్కల్లో నాలుగే బతికాయి. నీళ్ళు పోసేవాళ్ళు లేరు. పోయమని మేము ఎవరినీ అడగలేదు, ఫోటో దిగి వచ్చేశాం. ఇంకుడు గుంత మాత్రం బాగుంది. పైన పేరుకున్న ఒండ్రును తవ్విన ఆడవాళ్ళే తీసేస్తున్నారట. కాలువ పని ఇంకా మొదలవలేదు. వచ్చే గ్రామసభలో మళ్ళీ అడుగుతామన్నారు. ఈసారి మేము మిగిలిన నాలుగు మొక్కలకు కంచె కట్టి, నీళ్ళ బాధ్యత బడి పిల్లలకు అప్పగించి వచ్చాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ ఇంట్లోనూ ఇలాంటి ఫైలు ఉండే ఉంటుంది. మీరు ఉన్న ఊళ్ళో ఇంకా ఎన్నాళ్ళుంటారో మీకు తెలియదు. అయినా కాలనీ గేటు దాటి ఒకసారి పంచాయతీ ఆఫీసో, మునిసిపాలిటీ ఆఫీసో ఎక్కడుందో చూసి రండి. ఆ ఊరి భాష చదవడం నేర్చుకోండి. పద్దెనిమిదేళ్ళు నిండగానే పేరు నమోదు చేసుకోండి. అమ్మానాన్నల పేర్లు ఏ ఊరి జాబితాలో ఉన్నాయో ఈ రోజే అడగండి.

ఇది మేము తెలుగులో రాసిన మొదటి వ్యాసం. శిబిరం నుంచి వచ్చాక రోజూ ఒక పేజీ చొప్పున తెలుగు పేపరు బిగ్గరగా చదివి నేర్చుకున్నాం. తప్పులుంటే మన్నించండి. ఈసారి మామ్మ కాగితం చేతికిస్తే మనవరాలి కంటే ముందే చదవగలమని మా నమ్మకం.