గేటు దగ్గర ఇచ్చేసిన టికెట్టు



దసరా సెలవుల గురించి ఈసారి గోడపత్రికకు చాలామంది జాతరలు, పెళ్ళిళ్ళు, సంతలు రాశారు. నేను మాత్రం నా పొరపాటు ఒకటి రాస్తున్నాను. రాస్తే అందరూ నవ్వుతారేమో అని చాలా రోజులు ఊరుకున్నాను. మా తెలుగు మాస్టారు "నువ్వు పడ్డ గోతిలో ఇంకొకడు పడకుండా ఉంటాడు, రాయరా" అన్నారు. అందుకని రాస్తున్నాను. నవ్వితే నవ్వండి, కాని చివరిదాకా చదవండి.

మా అమ్మమ్మకు రెండు కళ్ళల్లోనూ శుక్లాలు వచ్చాయి. ఎడమ కన్ను దాదాపు పోయింది. కుడి కంటితో మనిషి నీడ మాత్రం తెలుస్తుంది. విజయనగరంలో ఒక కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ చేస్తారనీ, ఫలానా రోజు పొద్దున్న 8 గంటలకల్లా అక్కడ ఉండాలనీ మా ఊరి ఆశ కార్యకర్త చెప్పింది. ఆ రోజు తప్పితే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు. ఇంట్లో చోడి చేను కోతకు వచ్చింది, అయ్యకు తీరదు. అమ్మ ఒళ్ళో చంటిపిల్ల. "నువ్వు తీసుకెళ్ళరా. బోర్డులు చదవడం వచ్చు గదా" అన్నాడు అయ్య. మా ఇంట్లో బోర్డులు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మాటకు నాకు చాలా గర్వం వేసింది.

అరకు స్టేషన్లో విజయనగరానికి రెండు టికెట్లు తీసుకున్నాను. ఇద్దరికీ కలిపి ఒకే కాగితం ఇచ్చారు. చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఎక్కడి నుంచి, ఎక్కడి వరకు, ఏ దారిలో, ఎంతమందికి అని అన్నీ దాని మీద అచ్చు వేసే ఉన్నాయి. నేను చూసింది డబ్బులు ఎంత అన్నది మాత్రమే.

మా కిరండూల్ బండి సంగతి మీ అందరికీ తెలిసిందే. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి, ఓడల్లో జపాన్‌కు పంపడం కోసం ఈ లైను వేశారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు ఉన్నాయంటారు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు వేస్తున్నారు. "భయమేస్తోందా అమ్మమ్మా?" అని అడిగాను. "నాకిప్పుడు రేయీ పగలూ సొరంగమే గదరా" అంది.

విజయనగరం వెళ్ళాలంటే కొండ దిగాక ఒక జంక్షన్లో బండి మారాలి. ఆ స్టేషన్ పేరు రాయను. తప్పు నాది, స్టేషన్‌ది కాదు. మేము దిగేసరికి చీకటి పడుతోంది. రెండో బండికి ఇంకా గంట పైనే ఉంది. దిగినవాళ్ళంతా గేటు వైపు నడుస్తున్నారు. అమ్మ కట్టిచ్చిన అన్నం మూట ఉంది, సీసాలో అంబలి ఉంది. కాని గేటు అవతల బజ్జీల బండి కనిపించింది. నా జేబులో డబ్బులున్నాయి, నాకు తెలివి ఉంది అనుకున్నాను. "బయటికెళ్ళి టిఫిన్ చేసి వద్దాం రా" అని అమ్మమ్మ చెయ్యి పట్టుకొని ఆ గుంపులో నడిచాను.

గేటు దగ్గర టికెట్ కలెక్టర్ గారు చెయ్యి చాచి నిలబడ్డారు. ముందు ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే టికెట్టు ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోతున్నారు. నేనూ జేబులోంచి తీశాను. అమ్మమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇచ్చీకురా. మనం ఇంకా దిగిపోనేదు."

"నీకు తెలీదు, ఊరుకో అమ్మమ్మా" అన్నాను. వెనక జనం తోస్తున్నారు. ఇచ్చేశాను. ఆయన చూడకుండానే కట్టలో కలిపేసుకున్నారు.

బజ్జీలు తిన్నాము. టీ తాగాము. తిరిగి వస్తుంటే, లోపలికి వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర టికెట్లు చూపించడం కనిపించింది. నా చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. జేబు ఖాళీ. అప్పుడు తెలిసింది నేను చేసిన పని. కాళ్ళు వణికాయి.

టికెట్ కౌంటరు ఒక్కటే తెరిచి ఉంది. వరస బయట మెట్ల దాకా ఉంది. బండికి ఇంకా ఇరవై నిమిషాలే. నా దగ్గరున్న డబ్బు ఆసుపత్రిలో మూడు రోజుల తిండికీ, తిరుగు ప్రయాణానికీ అమ్మ లెక్కపెట్టి ఇచ్చినది. టీ కొట్టు దగ్గర ఒకాయన నా ముఖం చూసి సంగతి అడిగి, "ఆ పక్కన కంచె తెగిపోయి ఉంది. అటునించి ఎక్కిపోండి. ఈ బండిలో ఎవరడుగుతారు?" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు అదే బాగుందనిపించింది. అమ్మమ్మ కదల్లేదు.

"కళ్ళు బాగుసేయించుకోడానికెల్తూ దొంగదారినెల్తావేట్రా? పోయి ఆ బాబుకి ఉన్నదున్నట్టు సెప్పు" అంది.

వెళ్ళి చెప్పాను. "సార్, ఇందాక మీకు పొరపాటున టికెట్టు ఇచ్చేశాను. మేము ఇంకా విజయనగరం వెళ్ళాలి." ఆయన ముందు నమ్మలేదు. "టికెట్టు నాకిచ్చావంటే నీ ప్రయాణం అయిపోయినట్టే" అన్నారు. నేను ఏడుపు ఆపుకుంటూ, "అరకు నుంచి విజయనగరానికి, ఇద్దరికీ ఒకటే కాగితం సార్" అన్నాను. ఆయన అమ్మమ్మ వైపు చూశారు. కట్ట తీసి బల్ల మీద పెట్టి ఒక్కొక్కటీ తిరగేశారు. మిగిలినవన్నీ ఆ జంక్షన్ వరకే. విజయనగరం అని ఉన్నది ఒక్కటే. నలిగిపోయి ఉంది.

"చదువుకుంటున్నావా?"

"పదో తరగతి సార్."

"అయితే ఇది చదువు." గట్టిగా చదివించారు. నేను చదివాను. అరకు నుంచి, విజయనగరం వరకు, పెద్దలు ఇద్దరు.

"ఇది విజయనగరమా?"

"కాదు సార్."

"మరెందుకిచ్చావు?"

"అందరూ ఇస్తున్నారని ఇచ్చాను సార్."

ఆయన కొంచెం నవ్వారు. "చూపించడం వేరు, ఇచ్చేయడం వేరు. దారిలో ఎవరడిగినా చూపించు. ప్రయాణం అయిపోయిన స్టేషన్లోనే ఇచ్చెయ్. నేనూ చూసి తీసుకోవాల్సింది, రద్దీలో చూడలేదు. పరిగెత్తండి, బండి మూడో ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది" అన్నారు.

పరిగెత్తాము. మెట్ల వంతెన ఎక్కాలి. నేను టికెట్టు ఒక చేత్తో, అమ్మమ్మను ఇంకో చేత్తో పట్టుకొని లాగుతున్నాను. ఆమెకు మెట్లు కనపడవని తొందరలో మరిచిపోయాను. దిగేటప్పుడు ఆమె పడింది. మోకాలు చీరుకుపోయింది. ఎవరో ఇద్దరు లేవదీశారు. ఎలాగో పెట్టెలో ఎక్కాము.

బండి కదిలాక చూస్తే చీర అంచు రక్తంతో తడిసింది. తువ్వాలు చించి కట్టాను. తప్పు చేసింది నేను, దెబ్బ తగిలింది ఆమెకు. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నా తల నిమిరి, "నానూ ఒకపాలి ఇచ్చీసినాన్రా" అంది. వయసులో ఉన్నప్పుడు అడ్డాకుల కట్టలు అమ్ముకోడానికి బండి మీద వెళ్ళేదట. అప్పుడు టికెట్టంటే చిన్న అట్టముక్క. బండి మారే చోట గేటులో ఆ అట్టముక్క ఇచ్చేసి, రెండో బండి ఎక్కలేక, రాత్రంతా ఆకుల కట్టల మీద కూర్చుందట. "అప్పటినించి గేటు సూస్తే మోచెయ్యి బిగుసుకుపోద్ది" అంది.

నేను పది తరగతులు చదివాను. అక్షరం రాని అమ్మమ్మ చెప్పింది నిజం. "నీకు తెలీదు" అన్న నా మాట నా చెవుల్లోనే మోగుతూ ఉంది.

పాఠశాలకు వచ్చాక మా సోషల్ మాస్టారిని అడిగాను. 1989 రైల్వే చట్టం 54వ సెక్షన్లో ఉన్నది కూడా అదేనట. అధికారం ఉన్న ఉద్యోగి అడిగితే టికెట్టు చూపించాలి, ప్రయాణం ముగిశాక అప్పగించాలి. టికెట్టు లేకుండా దొరికితే ఛార్జీతో పాటు కనీసం 250 రూపాయలు అదనంగా కట్టాలి. టీ కొట్టాయన మాట విని ఉంటే ఇద్దరికీ కలిపి 500. అమ్మ ఇచ్చిన డబ్బులో ఇంక మిగిలేది ఏమీ లేదు.

మా ఊరి అన్నయ్య ఒకతను హైదరాబాదులో పని చేస్తున్నాడు. అక్కడ 2017లో మొదలైన మెట్రో రైలులో గేటు దగ్గర మనిషి ఉండడట, యంత్రమే ఉంటుందట. అమీర్‌పేటలో ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారేవాళ్ళు గేటు దాటకుండా లోపల్లోపలే మెట్లెక్కి వెళ్ళాలి. తెలియక బయటికి వచ్చారంటే ఆ ప్రయాణం అక్కడితో అయిపోయినట్టే, మళ్ళీ టికెట్టు కొనుక్కోవాల్సిందే. మా టికెట్ కలెక్టర్ గారు కట్ట తిరగేసి వెతికి ఇచ్చారు. యంత్రం ఎవరి ఏడుపూ చూడదు.

రేపు మనమంతా ఇంటరుకీ, ఎంట్రన్సు పరీక్షలకీ బండ్లు మారి వెళ్ళాల్సినవాళ్ళమే. అందుకని నాలుగు మాటలు రాస్తున్నాను. టికెట్టు తీసుకోగానే "వరకు" అన్న చోట మీ ఊరి పేరే ఉందో లేదో చదవండి. 199 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్టయితే ముందే కొని ఉంచుకోకండి. 2016 నుంచి అది తీసుకున్న 3 గంటల్లోగా, లేదా ఆ తర్వాత వచ్చే మొదటి బండికి బయలుదేరాలన్న నియమం ఉంది. బండి మారేటప్పుడు పని లేకుండా గేటు దాటకండి. మంచినీళ్ళ కుళాయి లోపలే ఉంటుంది. తప్పనిసరై దాటితే "మేము ఇంకా వెళ్ళాలి సార్" అని చెప్పి టికెట్టు చూపించి, మళ్ళీ జేబులో పెట్టుకోండి. పక్కన పెద్దవాళ్ళు ఏమైనా చెబితే ఒక్క క్షణం ఆగి వినండి.

అమ్మమ్మకు కుడి కంటి ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు కట్టు విప్పారు. తిరుగు ప్రయాణంలో అదే జంక్షన్లో దిగాము. గేటు వైపు వెళ్ళలేదు, అన్నం మూట ప్లాట్‌ఫారం మీదే విప్పుకున్నాము. వంతెన ఎక్కేటప్పుడు చెయ్యి ఇవ్వబోయాను. "వొద్దులే, నాను సూస్తాను" అని ఒక్కొక్క మెట్టే లెక్కపెడుతూ ఎక్కింది. పైకి వెళ్ళాక వెనక్కి తిరిగి అడిగింది:

"టికెట్టు ఉందేట్రా?"

తీసి చూపించాను. ఇవ్వలేదు.

— 10వ తరగతి విద్యార్థి