హఫీజుపేటలో సబ్బుమీది ముగ్గు

సంక్రాంతి సెలవులకు మేము మా చెల్లెలి యింటికి హఫీజుపేట పోయితిమి. వికారాబాదున రైలెక్కి లింగంపల్లిలో దిగి, అచ్చట ఎం.ఎం.టి.ఎస్. అను పట్టణపు బండి యెక్కినచో, చందానగరము తరువాతి స్టేషనే హఫీజుపేట. ఆ పైది హైటెక్ సిటీ. ఈ బండ్లు 2003లో మొదలైనవి. మెడలో గుర్తింపు పట్టీలు వ్రేలాడ నిలుచున్న కంప్యూటరు ఉద్యోగుల నడుమ మాకు కూర్చుండ చోటు దొరకకమునుపే దిగవలసిన చోటు వచ్చెను.

1998లో మాదాపురమున సైబర్ టవర్సు వెలసిన పిమ్మట ఈ చుట్టుపట్ల నెటు చూచినను మేడలే. మా చెల్లెలి కాపురము అట్టి యొక మేడలో నాలుగవ యంతస్తున. ఇల్లు చక్కనిదే గాని వాకిలి లేదు. తలుపు తెరచిన నెదుటివారి తలుపు. చెల్లెలి అత్తగారు డెబ్బది యేండ్లు దాటినవారు. ధనుర్మాసమంతయు ఊరిలో ఇరువదియొక్క చుక్కల ముగ్గులు పెట్టిన ఆమె, ఇచ్చట జానెడు గచ్చుమీద సుద్దతో నాలుగు గీతలు గీయుదురు. పది గంటలకు తుడుచు మనిషి వచ్చి దానిని తుడిచిపోవును. ఇప్పుడు చేయియు వణకుచున్నది.

ఆ ముగ్గునే మా చెల్లెలు సబ్బుల మీదికి తెచ్చినది. మేము చదివిన ప్రబంధములలో నలుగుపిండి కలదు గాని సబ్బు లేదు. కావున మొదట మాకు దీనియందు గౌరవము కలుగలేదని యొప్పుకొందుము. దగ్గర కూర్చుండి చూచిన తరువాతనే, ఇది పిండివంటకంటె కఠినమైన పని యని తెలిసినది.

నూనెకు క్షారము కలిసి సబ్బగును. ఆ క్షారము కాస్టిక్ సోడా. చేతికి తగిలిన కాల్చును. కిలో కొబ్బరినూనెకు అది సుమారు 183 గ్రాములు పట్టును; నువ్వులనూనెకు సుమారు 135 చాలును. లెక్కకు నూటికి అయిదు పాళ్లు తగ్గించి వేసినచో, కొంత నూనె మిగిలి చర్మమునకు మెత్తదనమిచ్చును. సోడాను నీటిలో మెల్లగా వేయవలెనే గాని సోడామీద నీరు పోయరాదు, పొంగి మీదపడును. అల్యూమినియపు గిన్నె అసలే తగదు. క్షారము దానిని తినివేయును. చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు లేనిదే మా చెల్లెలు మూత తీయదు.

ఇక ముగ్గు. బజారులో పూవులు, తేనెపట్టు గదులు మొదలగు అచ్చులుగల సిలికోను మ్యాట్లు దొరకును. అవి రబ్బరువలె వంగును, సబ్బు కంటుకొనవు. చెల్లెలికి అవి నచ్చక, అత్తగారు గీచిన ముగ్గును కాగితముమీద నుంచి, దానిపై గాజుపలక పెట్టి, చేగోడీలకు పిండి పామినట్లు బంకమట్టిని సన్నని త్రాళ్లుగా పామి గీతల వెంబడి అంటించెను. ఆ మట్టిలో గంధకముండరాదట. ఉన్నచో సిలికోను గట్టిపడదు. రెండు ద్రవములను సమముగా కలిపి దానిపై పోయగా, కొన్ని గంటలకు మ్యాటు తయారైనది. మట్టిగీత ఉబ్బెత్తు, మ్యాటులో పల్లము, సబ్బుమీద మరల ఉబ్బెత్తు. కుడియెడమలు మ్యాటులో తారుమారై సబ్బులో సరియగును. అందుచే పేరు వ్రాసినను తిన్నగనే వచ్చును.

మేము వెళ్లిన నాటికి పని తొందరలో నుండెను. వారి యాడుబిడ్డ సీమంతమునకు అయిదు వారములే గడువు. పేరంటాండ్రకు ఇరువదినాలుగు సబ్బులు కావలెను; సబ్బు నాలుగు వారములైన ఆరనిదే వాడరాదు. (ఇవి కానుకలు గనుక సరి. అమ్ముటకైనచో ప్రభుత్వపు లైసెన్సు వలయును. చెల్లెలు దానికై కాగితములు సిద్ధపరచుచున్నది.)

మిశ్రమము గరిటజారుగా నుండగానే కొంచెము మ్యాటుమీద పోసి, కుంచెతో గీతలలోనికి నెట్టి, అచ్చుపెట్టెను బల్లకు తట్టవలెను. లేనిచో గాలిబుడగలు నిలిచి గీత తెగును. మొదటి పెట్టెలో పండ్రెండు, రెండవదానిలో పండ్రెండు పోసితిమి. "అక్కయ్యా, రెండు రోజులు ముట్టవద్దు. తరువాత ఫ్రీజరులో పెట్టి తీయుదము" అని చెల్లెలు చెప్పెను.

మరునాడు ఆమె బజారు పోయినప్పుడు మేము తాళలేకపోతిమి. పైన వ్రేలుతో తాకిన గట్టిగానే యుండెను. మొదటి పెట్టెను బోర్లించి మ్యాటును మూలనుండి లాగితిమి. ఎనిమిది సబ్బుల మేర చక్కగా వచ్చి, తుదిని నాలుగింటి ముగ్గు మ్యాటుతోనే ఊడివచ్చెను. చెల్లెలు వచ్చి చూచి ఏమియు అనలేదు. అనినచో మాకు సులువై యుండెడిది. మరల పోయుదమన్న ఆ మేరకు నూనె లేదు, దినములును చాలవు.

అత్తగారు వచ్చి చూచి, "దీనికింత దిగులెందుకమ్మా? ముగ్గు చెరిగితే మళ్లీ వేసుకోమా?" అని కూర్చుండిరి. పచ్చిసబ్బు కనుక చెల్లెలు పట్టుబట్టి పసుపుపచ్చని రబ్బరు తొడుగులు తొడిగించెను. ఆమె చీపురుపుల్ల చెక్కి, నాలుగు సబ్బులమీదను చుక్కలు పెట్టి గీతలు కలిపిరి. చేయి వణకి గీత వంకరపోయినచోట ఒక ఆకు చేర్చిరి. నాలుగును నాలుగు విధములాయెను. రెండవ పెట్టె గడువువరకు ఆగి తీయగా పండ్రెండును నిక్షేపముగా వచ్చినవి.

ఆ నాలుగింటిలో నొకటి అడిగి తెచ్చుకొంటిమి. పంచిపెట్టుటకు ఒకటి తక్కువైనది గదా యని చెల్లెలు కొంచెము గొణగెను. ఇప్పుడది మా వంటయింటి గూటిలో ఆరుచున్నది. నాలుగు వారములు ఎన్నడో నిండినవి. ఎప్పుడు వాడుదమని మావారు రెండుమారులడిగిరి.