నాలుగున్నర గదుల ఇంట్లో మన బల్ల ఎక్కడ?

మాంట్రియల్‌లో అద్దె ఇల్లు వెతికే కొత్తవాళ్లకు ఒక వింత లెక్క ఎదురవుతుంది. ఇక్కడ సింగిల్ బెడ్‌రూమ్, డబుల్ బెడ్‌రూమ్ అనరు. మూడున్నర, నాలుగున్నర అంటారు. హాలు ఒకటి, వంటిల్లు ఒకటి, పడగ్గదులు రెండు, బాత్రూమ్ సగం. అదీ నాలుగున్నర. బాత్రూమ్‌కు కూడా లెక్కలో వాటా ఉంది. ఇంటి నుంచి ఉద్యోగం చేసే ఆడవాళ్ల బల్లకే లేదు.

2020 మార్చిలో ఆఫీసులు మూతపడినప్పుడు ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. మనవాళ్ల ఇళ్లలో తలుపున్న గది తరచు భర్తకు దక్కింది, భోజనాల బల్ల భార్యకు మిగిలింది. అన్నం వేళకు ల్యాప్‌టాప్ సర్దేయాలి, తిన్నాక మళ్లీ పరచుకోవాలి. ఇప్పుడు ఇంటి నుంచి పని వారానికి రెండు మూడు రోజులే అయినా, ఆ సర్దుడు తప్పని ఇళ్లు ఇంకా ఉన్నాయి.

ఈ నగరానికిది కొత్తేమీ కాదు. ల్యాప్‌టాప్‌ల కంటే ముందు కుట్టుమిషన్లు ఉండేవి. షబానెల్ వీధిలో బట్టల పరిశ్రమ జోరుగా సాగిన రోజుల్లో, వలస వచ్చిన ఆడవాళ్లు ఎందరో కత్తిరించిన గుడ్డ ఇంటికి తెచ్చుకుని కుట్టి ఇచ్చేవారు. కూలి ముక్కల లెక్కన. చోటూ కరెంటూ వాళ్లవే. 'ఇంట్లోనే ఉంటుంది కదా' అనే మాట వాళ్లూ పడ్డారు, మనమూ పడుతున్నాం.

చోటు కుదుర్చుకోవాలంటే ఇక్కడి ఇళ్ల తీరు కాస్త తెలియాలి. చాలా ఇళ్లలో గోడ అడుగున, తరచు కిటికీ కిందే, కరెంటు హీటర్ ఉంటుంది. దానికి ఆనించి బల్ల వేయకండి. వేడి గదిలోకి రాదు, వైర్లకు ప్రమాదం. గదికో థర్మోస్టాట్ ఉంటే పగలు పనిచేసే గదిని మాత్రమే వెచ్చగా ఉంచుకోవచ్చు. డిసెంబరు మొదట్లో సాయంత్రం 4:15 కాకముందే పొద్దు గుంకుతుంది, కాబట్టి ఉన్న వెలుతురు పక్కనుంచి పడేలా కూర్చోండి. పాత డ్యూప్లెక్సుల్లో పై అంతస్తు అడుగుల చప్పుడు వినిపిస్తుంది; మీటింగులకు గది ఎంచుకునే ముందు ఒక పూట విని చూడండి. వేరే గది లేకపోతే, గోడలోని బట్టల అల్మారాలో అడ్డంగా చెక్క బిగించుకోవచ్చు. పని అయ్యాక తలుపు మూసేస్తే ఆఫీసు మూసినట్టే.

పిల్లల్ని చూసుకుంటూ చేసేది ఇంటి నుంచి పని కాదు. క్యూబెక్ 1997లో రోజుకు 5 డాలర్ల గార్డరీ మొదలుపెట్టిన కారణాల్లో తల్లులు ఉద్యోగాలు చేసుకోవాలన్నది ఒకటి. రుసుము తర్వాత పెరిగినా, ఆ వెసులుబాటు ఇంట్లో పనిచేసే తల్లికీ కావాలి. పేరు ముందే రాయించండి, సీటు తొందరగా దొరకదు.

ఇక్కడ చాలా లీజులు జూన్ 30తో ముగుస్తాయి. జులై 1న వీధుల నిండా సామాన్ల ట్రక్కులే. ఈసారి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మంచం ఎక్కడ, దేవుడి మందిరం ఎక్కడ అని కొలుస్తారు కదా. అప్పుడే, అందరూ వింటుండగా, 'నా బల్ల ఎక్కడ?' అని కూడా అడగండి.