పుదుచ్చేరి నుంచి యానాందాకా గాలిదారి

పుదుచ్చేరి సచివాలయంలో కదిలిన ఫైలు యానాం చేరాలంటే తమిళనాడు దాటి, ఆంధ్ర తీరం వెంట గోదావరి దాకా రావాలి. రోడ్డు మీద దాదాపు 870 కిలోమీటర్లు. వీటిని ఏలిన ఫ్రెంచివాళ్లు 1954లో వెళ్లిపోయినా, ఈ రెండు ఊళ్లూ ఒకే పాలన కింద ఉండిపోయాయి. విమానమెక్కితే ఈ దూరం ఏ మేరకు తగ్గుతుందో చూద్దాం.

బయలుదేరేది లాస్‌పేట విమానాశ్రయం నుంచి. రన్‌వే కిలోమీటరున్నరే. పెద్ద జెట్లు దిగలేవు, పంకాల విమానాలే గతి. 2017 ఆగస్టులో, చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద స్పైస్‌జెట్ హైదరాబాదుకు విమానం నడిపింది, కొన్నేళ్లకు ఆగింది. 2024 డిసెంబరులో ఇండిగో ఏటీఆర్ అనే పంకాల విమానంతో మళ్లీ మొదలుపెట్టింది. దీనికి తోక వైపు తలుపు, ఆ తలుపుకే మెట్లు. రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి కాబట్టి కింద నేల బాగా కనిపిస్తుంది.

పుదుచ్చేరి 12వ అక్షాంశం దగ్గర, యానాంకు దగ్గరి విమానాశ్రయమైన రాజమండ్రి 17 దాటాక. డిగ్రీకి 111 కిలోమీటర్ల లెక్కన ఉత్తరానికి 570, తూర్పుకు జరిగింది కూడా చూస్తే నేరుగా సుమారు 610 కిలోమీటర్లు. కానీ విమానం గీత వెంట పోదు, జనం ఎక్కే చోటికి పోతుంది. ముందు హైదరాబాదు వెళ్లాలి. మ్యాపులో గీత గీస్తే తిరుపతి మీదుగా, నల్లమల మీదుగా, శ్రీశైలం పక్కగా సాగే ఈ మొదటి మజిలీయే 600 కిలోమీటర్ల పైచిలుకు. అంటే రాజమండ్రి ఎంత దూరమో హైదరాబాదూ అంతే దూరం! అక్కణ్ణుంచి తూర్పుకు తిరిగితే ఇంకో 360. మొత్తం 960. రోడ్డు కన్నా గాలిదారే పొడుగు.

గంటకు 500 కిలోమీటర్ల వేగానికి తొలి మజిలీ గంటాపావు పట్టాలి. టికెట్టు మీద అంతకన్నా ఎక్కువ ఉంటుంది. విమానం రన్‌వే దాకా మెల్లగా కదలడం, పైకెక్కడం, వరస కోసం ఆగి దిగడం అన్నీ ఆ లెక్కలోవే. హైదరాబాదులో రెండో విమానం కోసం నిరీక్షణ మాత్రం అందులో ఉండదు.

రాజమండ్రి విమానాశ్రయం మధురపూడిలో దిగాక రోడ్డు. కడియం నర్సరీలు, ద్రాక్షారామం దాటి, గౌతమి నుంచి కోరింగ పాయ విడిపోయే చోట యానాం. దీనికి మరో రెండు గంటలు వేసుకోవాలి. అటూ ఇటూ చూస్తే రోజు గడిచిపోతుంది. అందుకే చాలామంది కాకినాడ పోయే సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి నిద్రపోతారు. అక్కణ్ణుంచి యానాం 30 కిలోమీటర్లే.

ఈ దూరం విమానంతో తగ్గలేదు. కొంత తగ్గించింది ఆసుపత్రి. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలోని జిప్మర్ ఆసుపత్రి 90 పడకల విభాగం యానాంలోనే ప్రారంభమైంది. స్పెషలిస్టును చూడాలంటే ప్రతిసారీ రెండు రాష్ట్రాలు దాటే పని తప్పింది. సచివాలయం పనులకూ ఇలాగే కౌంటర్లు ఇక్కడికే వస్తే, విమానం లెక్కలతో యానాంవాళ్లకు పనుండదు.