చింపివేసిన జాబు

ఈ పాఠశాలలోనే మాతోఁ జదివిన మిత్రుఁ డొకఁడు ఉద్యోగార్థమై అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున నివసించుచున్నాఁడు. ఈ వేసవిలో ఆతని కుమార్తె మాకొక జాబు వ్రాసెను. పసితనముననే అచ్చటికి వెళ్లిన ఆ పిల్లకు 21 ఏండ్లు నిండినచో, తండ్రి వీసా నాశ్రయించి యుండు హక్కు పోవును. "మామయ్యా, తోడి విద్యార్థులతోఁ గూడి కాంగ్రెసు సభ్యులకు మా స్థితి చెప్పుకొనవచ్చునా?" అని యడిగెను. "అమ్మాయీ, ఊరకుండుట మేలు" అని మేము ప్రత్యుత్తరము వ్రాసితిమి. ఇరువది యేండ్లుగా తరగతిలో నిశ్శబ్దము నేర్పినవారము గదా!

జాబు తపాలాలో వేయకముందు ఆ దేశపు సంగతులు కొంత చదివితిమి. అనుమతి పత్రములు లేని పిల్లలకును ఉచిత పాఠశాల విద్య నిరాకరింపరాదని అచ్చటి సుప్రీముకోర్టు 1982లో తీర్పు చెప్పెను. ఆ రక్ష కళాశాల గుమ్మముకడనే నిలిచిపోయెను. 2010 జనవరి 1న నలుగురు విద్యార్థులు మయామీనుండి వాషింగ్టనుకు, సుమారు 1500 మైళ్లు, కాలినడకను బయలుదేరిరి. పత్రములు లేనివారును వారిలో నుండిరి. పట్టుబడినచో దేశమునుండి వెడలఁగొట్టవచ్చును. అయినను త్రోవపొడుగున తమ పేర్లు తామే చెప్పుకొనిరి. ఆ డిసెంబరులో వారు కోరిన బిల్లునకు సెనేటులో 55 వోట్లు వచ్చెను, 60 కావలసియుండెను. 2012లో తాత్కాలిక రక్షణ లభించినది గాని, ఆనాఁడు చట్టసమ్మతముగ నున్న మా మిత్రుని కుమార్తెవంటివారికి అది వర్తింపదు.

మొదటి జాబు చింపివేసితిమి. చెప్పఁదలఁచిన మాటలు వ్రాసి పంపినచో దిద్దెదమని రెండవది వ్రాసితిమి. ఇంగ్లీషు ఆమెకే మాకంటె బాగుగ వచ్చును.